చలికాలపు సెలవుల్లో మాల్టా వెళ్ళవచ్చునా?

మొన్న విజయదశమినాడు మ్యూనిక్ నుంచి మా తమ్ముడు ఫోను చేసి మా ఇంట్లో ఒక తగవు పెట్టాడు.

వాడు పనిచేసే ఫ్యాక్టరీ క్రిస్మస్‌కు మూస్తే మళ్ళీ జనవరి రెండో తారీఖు దాటితేగాని తెరవరట. కొత్త ఉద్యోగం కావటంచేత ఈ ఏడాదికి వాడికి దక్కే సెలవు అంతే. ఆ పది రోజులకోసం భార్యాబిడ్డలతో రాజమండ్రి దాకా రావటం, ప్రయాణపు బడలిక తీరకముందే మళ్ళీ పెట్టెలు సర్దుకోవటం వాడివల్ల అయ్యే పని కాదు. పోనీ మమ్మల్ని మ్యూనిక్ రమ్మందామా అంటే డిసెంబరులో అక్కడ మంచు. మా అమ్మకు డెబ్భై ఒకటో ఏడు. ఇరవై ఏళ్ళుగా ఉబ్బసం. గోదావరి గట్టున మార్గశిర మాసపు మంచుకే రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. నాలుగేళ్ళయింది ఆవిడ చిన్నకొడుకును చూసి. ఫోనులో ముఖం చూస్తే చూసినట్టు కాదనీ, తల నిమిరితేనే చూసినట్టనీ ఆవిడ అభిప్రాయం.

అందుకని మా వాడు మధ్యేమార్గం ఒకటి కనిపెట్టాడు.

"అన్నయ్యా, మీరు అటునుంచి రండి, మేము ఇటునుంచి వస్తాము. మాల్టాలో కలుసుకుందాం. మధ్యధరా సముద్రం నడుమ చిన్న దీవి. చలికాలమైనా వెచ్చగా ఉంటుంది. అమ్మకు హాయి" అన్నాడు.

అమ్మకు మాల్టా అయినా మచిలీపట్నమైనా ఒకటే. చిన్నాడు ఎక్కడుంటే అక్కడికి పోదామన్నది. అంతలోనే పంచాంగం జ్ఞాపకం వచ్చి, "ధనుర్మాసం కదరా!" అని నీరుకారిపోయింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అప్పటికే స్నేహితురాళ్ళందరికీ చెప్పివేసింది. మా శ్రీమతి మాత్రం తొణకలేదు. "వెచ్చగా అంటే ఎంత వెచ్చగానో ముందు కనుక్కోండి" అన్నది.

ఉద్యోగాల నిమిత్తం కొడుకులో తమ్ముళ్ళో యూరపులో ఉన్న కుటుంబాలు మన జిల్లాల్లో ఇప్పుడు కొల్లలు. క్రిస్మస్ సెలవులు వచ్చేసరికి "మధ్యధరా తీరానికి రండి, అక్కడ చలి ఉండదు" అన్న పిలుపు మా ఇంటికి వచ్చినట్టే ఇంకా ఎన్నో ఇళ్ళకు వస్తూ ఉండాలి. అందుచేత కొన్ని వారాలపాటు చదివి, అడిగి, మా తమ్ముణ్ణి అడ్డుప్రశ్నలు వేసి నేను తెలుసుకున్నది ఇక్కడ చెపుతున్నాను. నేను మాల్టా చూసినవాణ్ణి కాదని ముందే మనవి.

మొట్టమొదట ఈ "వెచ్చన" సంగతి తేల్చుకోవాలి. డిసెంబరులో మాల్టాలో పగటి ఉష్ణోగ్రత సుమారు 17 డిగ్రీలు. రాత్రి 11 లేక 12. మంచు కురవదు, నీరు గడ్డకట్టదు. అదే నెలలో మ్యూనిక్‌లో మధ్యాహ్నం నాలుగు డిగ్రీలుంటే గొప్ప. రాత్రి సున్నకు దిగువే. అక్కడినుంచి వచ్చినవాడికి 17 డిగ్రీలంటే వసంతం వచ్చినట్టే. కోటు విప్పి భుజాన వేసుకుని తిరుగుతాడు. మరి రాజమండ్రినుంచి వెళ్ళేవాడి మాటేమిటి? మనకు డిసెంబరు మధ్యాహ్నం 30కి అటూ ఇటూ, తెల్లవారుజామున 18 లేక 19. అంటే మాల్టావారి పట్టపగలు మన తెల్లవారుజాముకన్నా ఒక మెట్టు చల్లగా ఉంటుందన్నమాట! యాత్రా పుస్తకాలు రాసేవారు లండనులోనో బెర్లినులోనో కూర్చుని రాస్తారు. వారి వెచ్చన వేరు, మన వెచ్చన వేరు. ఏ ఊరికి వెడుతున్నామని కాదు, ఎవరి చలికాలంలోనుంచి బయలుదేరుతున్నామని చూసుకోవాలి.

ఇక వాన. నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక ఏ దేశం పేరు విన్నా ముందు అక్కడి భాషమీదికి బుద్ధి పోతుంది. మాల్టావారి భాష అరబ్బీ కుటుంబానికి చెందినది. రాసేది మాత్రం రోమన్ లిపిలో. పుస్తకాన్ని వారు "క్తీబ్" అంటారు. ప్రపంచాన్ని "దిన్యా" అంటారు. మనవారి నోట నలిగిన కితాబు, దునియా ఆ మాటలకు జ్ఞాతులే. ఈ వెదుకులాటలో దొరికిన మరి రెండు మాటలు నా సందేహాన్ని సగం తీర్చివేశాయి. వానను వారు "షితా" అంటారు. చలికాలాన్ని "షిత్వా" అంటారు. రెండూ ఒక్క ధాతువులోనుంచి పుట్టినవే. మనకు వానకాలం వేరు, చలికాలం వేరు. వారికి వానకాలమే చలికాలం.

కారణం కష్టమైనదేమీ కాదు. వేసవిలో ఆ సముద్రంమీద అధిక పీడనం మూత వేసినట్టు కూర్చుంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ చినుకు అపురూపం. చలికాలం వచ్చేసరికి ఆ మూత దక్షిణానికి జరుగుతుంది. అప్పుడు అట్లాంటిక్ మహాసముద్రం నుంచి పడమటిగాలులు మేఘాలను తోలుకువస్తాయి. మాల్టాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన గోదావరి జిల్లాల లెక్కలో అది సగం. కాని ఆ ఉన్నదానిలో ముప్పాతిక వంతుకు పైగా అక్టోబరు, మార్చి నెలల మధ్యనే పడుతుంది. మన శ్రావణమాసపు ముసురులా రోజుల తరబడి పట్టుకోదు. వచ్చి దబదబ కురుస్తుంది, వెడుతుంది, ఎండ కాస్తుంది. డిసెంబరులోకూడా సగటున రోజుకు అయిదు గంటల ఎండ ఉంటుందట. ఆ అయిదు గంటలనే మా తమ్ముడు "ఎండ కాస్తుంది అన్నయ్యా" అన్నాడు. మిగతా గంటల మాట ఎత్తలేదు.

వానకన్నా గాలి గడుసుది. ఈశాన్యంనుంచి వచ్చే గాలికి "గ్రెగాలే" అని పేరు. అది వీచినప్పుడు వాలెట్టా రేవు నోటిలోకే కెరటాలు దూసుకువస్తాయి. గోజో దీవిలో సముద్రంలోకి వంగిన పెద్ద రాతి తోరణం ఒకటి ఉండేది. ప్రకటన పత్రాలన్నిటిమీదా దాని బొమ్మే. 2017 మార్చి 8న తుపానులో ఒక్క ఉదయం అది కుప్పకూలి సముద్రంలో కలిసిపోయింది. నేల మధ్యన ఉన్న సముద్రం గదా, మన బంగాళాఖాతం ముందు ఇదెంత అనుకునే నాబోటివాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

నిజానికి మాల్టా చలికాలంమీద మొట్టమొదటి వాతావరణ నివేదిక రెండువేల ఏళ్ళనాటిది. అది బైబిలులో ఉన్నది. అపొస్తలుడైన పౌలును ఖైదీగా రోముకు తీసుకుపోతున్న ఓడ పధ్నాలుగు రోజులు ఈశాన్యపు గాలివానలో చిక్కి ఆ దీవి ఒడ్డున బద్దలయింది. ఓడలో ఉన్న 276 మందీ బతికి గట్టెక్కారు. వాన పడుతున్నదనీ, చలిగా ఉన్నదనీ దీవివాసులు నిప్పు రాజేసి వారిని ఆదరించారని అపొస్తలుల కార్యములలో రాసి ఉన్నది. ఓడలు కదిలే రుతువు వచ్చేదాకా మూడు నెలలు పౌలు అక్కడే ఉన్నాడు. వాన, చలి, నిప్పు. మా శ్రీమతి వేసిన ప్రశ్నకు అంతకంటె పొందికైన జవాబు నాకు ఏ యాత్రా పుస్తకంలోనూ దొరకలేదు.

మరి ఇంత తెలిసీ యూరపువారు చలికాలంలోనే ఆ తీరాలకు పరుగులు తీశారెందుకు? ఇది వింత కథ. ఇప్పుడు మధ్యధరా అనగానే వేసవి, ఇసుక, ఈతలు గుర్తుకు వస్తాయి గాని ఇదంతా దాదాపు నూరేళ్ళుగా వచ్చిన వాడుక. అంతకుముందు ఫ్రాన్సు దక్షిణ తీరంలో హోటళ్ళు చలికాలంలో తెరిచి, వేసవిలో మూసేవారు. నీస్ నగరంలో సముద్రపు ఒడ్డున ఉన్న ప్రసిద్ధమైన బాటకు "ఇంగ్లీషువారి బాట" అనే పేరు. 1820 ప్రాంతంలో అక్కడ చలికాలం గడపడానికి వచ్చిన ఇంగ్లీషువారు వేయించినది అది. క్షయ పట్టినవారిని డాక్టర్లు అటు పంపేవారు. ఎండ, సముద్రపు గాలి ఊపిరితిత్తులను బాగుచేస్తాయని వారి నమ్మకం. ఇక్కడికి వచ్చేసరికి నాకు మా అమ్మ ఉబ్బసం గుర్తుకు వచ్చి, ఆ రోగుల కథలు కాస్త జాగ్రత్తగా చదవటం మొదలుపెట్టాను.

1838వ సంవత్సరపు చలికాలంలో ఇద్దరు ప్రసిద్ధులు రెండు మధ్యధరా దీవులలో ఆరోగ్యంకోసం మకాం పెట్టారు.

ఒకరు ఇంగ్లండు రాజు నాలుగవ విలియం భార్య రాణి అడిలెయిడ్. భర్త పోయిన మరుసటి ఏడు ఆవిడ మాల్టా వచ్చింది. దీవి బాగానే ఒంటికి సరిపడింది. తమ శాఖకు తగిన చర్చి అక్కడ లేకపోవటం చూసి సొంత డబ్బుతో ఒకటి కట్టించటానికి పూనుకున్నది. వాలెట్టా బొమ్మ ఎక్కడ చూసినా సూదిగా ఆకాశంలోకి కనిపించే శిఖరం ఆ చర్చిదే.

రెండవవారు సంగీతకారుడు షోపాన్. వెంట రచయిత్రి జార్జ్ సాండ్, ఆమె ఇద్దరు పిల్లలు. వారు చేరింది స్పెయినుకు చెందిన మయోర్కా దీవికి. నవంబరులో దిగారు. మొదటి రోజుల్లో ఎండ, నారింజతోటలు, నీలాకాశం చూసి షోపాన్ మురిసిపోయాడు. తరువాత వానలు పట్టుకున్నాయి. వారు అద్దెకు తీసుకున్న ఇంట్లో పొగగొట్టం లేదు. గోడలు నెమ్మెక్కాయి. దగ్గు ముదిరింది. ముగ్గురు వైద్యులు వచ్చి చూశారు. క్షయ అన్న మాట బయటికి పొక్కగానే ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. అప్పుడు కొండమీద వాల్దెమోసా అనే ఊళ్ళో సన్యాసులు విడిచిపోయిన పాత మఠంలో గదులు తీసుకున్నారు. రాతి గోడలు, ఎత్తైన కప్పు, బయట హోరుగాలి. పారిస్ నుంచి తెప్పించుకున్న పియానో సుంకం దగ్గర చిక్కుబడి, వారి మకాం ముగియవచ్చే వేళకుగాని చేతికి రాలేదు. అక్కడే ఆయన ఇరవైనాలుగు ప్రెల్యూడులు పూర్తిచేశాడు. లోకానికి లాభమే. ఆయన ఊపిరితిత్తులకు మాత్రం నష్టం. ఫిబ్రవరిలో పందులు ఎక్కించిన ఓడలో, రక్తం కక్కుతూ ఆ దీవి విడిచిపెట్టాడు. జార్జ్ సాండ్ ఆ కసి అంతా "మయోర్కాలో ఒక చలికాలం" అన్న పుస్తకంలో తీర్చుకున్నది. తమాషా ఏమిటంటే ఇప్పుడు ఆ మఠం చూడటానికే జనం దీవికి వెడుతున్నారు. పుస్తకంలో ఆమె అన్ని తిట్లు తిట్టినా అక్కడి దుకాణాల్లో అదే అమ్ముతారట!

షోపాన్‌కు ఉన్నది పెద్ద రోగం. మా అమ్మది అది కాదు. అయినా ఈ కథ చదివాక నాకొకటి తట్టింది. ఆయనను దెబ్బతీసింది బయటి చలి కాదు. లోపలి గది. వెంటనే మా తమ్ముడికి ఫోను చేశాను.

వాడు రెండేళ్ళ క్రితం డిసెంబరులో అయిదు రోజులు మాల్టా వెళ్ళి వచ్చినవాడే.

"ఎక్కడ దిగారురా అప్పుడు?" అన్నాను.

"వాలెట్టాలో, పాత రాతి ఇల్లు. మూడు వందల ఏళ్ళనాటిది. చాలా అందంగా ఉంది అన్నయ్యా."

"అందం సరేగాని, రాత్రి ఎలా పడుకున్నారు?"

కాసేపు మాట్లాడలేదు. తరువాత ఒప్పుకున్నాడు. కోట్లు వేసుకుని పడుకున్నారట. మధ్యాహ్నం బయట ఎండలో హాయిగా తిరిగి ఇంట్లో అడుగుపెడితే లోపలే చల్లగా ఉండేదట. దుప్పట్లు చెమ్మగా తగిలేవట. ఆరవేసిన బట్టలు మూడో రోజుకు కూడా ఆరలేదట. అయిదు రోజుల్లో రెండు రోజులు వాన అని కూడా అప్పుడే బయటపెట్టాడు.

దానికి కారణం ఉన్నది. మాల్టా ఇళ్ళన్నీ అక్కడే దొరికే లేత పసుపుపచ్చని సున్నపురాయితో కట్టినవి. మెత్తని రాయి, రంపంతో కోయవచ్చు. వేసవిలో బయట 32 డిగ్రీలు కాస్తున్నప్పుడు లోపల చల్లగా ఉండాలని మందపు గోడలు, ఎత్తు కప్పులు, పలకల నేలలు పెట్టారు. ఆ గుణమే చలికాలంలో ఎదురుతిరుగుతుంది. రాయి చెమ్మను పీల్చుకుంటుంది. జర్మనీలో లాగా ఇల్లంతా వెచ్చబరిచే గొట్టాల ఏర్పాటు సామాన్యంగా అక్కడి ఇళ్ళలో ఉండదు. కనుక మ్యూనిక్ మంచులో ఉండే మా తమ్ముడి ఇంట్లో చొక్కాతో తిరగవచ్చు. వెచ్చని మాల్టా ఇంట్లో శాలువా లేనిదే కూర్చోలేము. ఈ ఒక్క సంగతి తెలియక, ఫోటోలో రాతి గోడ చూసి ముచ్చటపడి, ముసలివారిని తీసుకువెళ్ళి అలాంటి ఇంట్లో దింపితే షోపాన్ కథే మళ్ళీ జరుగుతుంది.

ఇదంతా విని మా శ్రీమతి "అయితే మానేద్దామా?" అన్నది. ఆ మాటలో ఉత్సాహం లేదు గాని కొంత ఊరట ఉన్నదని నాకు అనుమానం. ఈ ప్రయాణానికి పెట్టవలసిన డబ్బు వంటింటి మరమ్మతుకు దాచుకున్నది.

కాని అప్పటికి నాకు రెండో పక్షం కూడా తెలిసింది. మాల్టాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వేసవిలో దీవి ఎండి గోధుమరంగు తిరుగుతుంది. చలికాలపు వానతోనే పచ్చబడుతుంది. పొలాల గట్లమీద పూలు పూస్తాయి, నారింజలు పండుతాయి. వాన నీటిని ఇళ్ళ కింద తొట్లలో దాచుకోవటం అక్కడ తాతలనాటి అలవాటు. 1615లో కొండలనుంచి వాలెట్టాకు నీళ్ళు తెచ్చిన కాలువ తోరణాలు ఇప్పటికీ దారి పక్కన నిలిచి ఉన్నాయి. సముద్రపు నీటిని ఉప్పు తీసి తాగే ఈ రోజుల్లో కూడా వాన పడితే వారికి పండుగే. మనం తిట్టుకోబోయే వాన వారి అన్నం.

ఇంకొకటి, జనం రద్దీ. దీవులన్నీ కలిపి 316 చదరపు కిలోమీటర్లు. అందులో అయిదు లక్షల పైచిలుకు కాపురస్తులు. ఆ చిన్న చోటికి 2024లో 35 లక్షలకు పైగా యాత్రికులు వచ్చారు. జూలై, ఆగస్టులలో అడుగు తీసి అడుగు వేయటం కష్టం. డిసెంబరులో గుడులూ కోటలూ నింపాదిగా చూడవచ్చు. 1565లో తురుష్కుల ముట్టడిని తట్టుకున్న మరుసటి ఏడాదే సెయింట్ జాన్ యోధులు పునాది వేసిన నగరం వాలెట్టా. అక్కడి పెద్ద చర్చిలో కారవాజ్జో 1608లో వేసిన చిత్రం ఉన్నది. ఆయన సంతకం చేసిన చిత్రం లోకంలో అదొక్కటే. ఆ సంతకం కూడా బొమ్మలో కారుతున్న రక్తంలోనే పెట్టాడు. వాన పడుతున్నప్పుడు చూడవలసినవి ఇలాంటివి.

ఎండ కాసినప్పుడు చూడవలసినవి రాతి గుడులు. గోజోలోని జ్గంతీయా ఆలయం క్రీస్తుకు 3600 ఏళ్ళ పూర్వానిది. ఈజిప్టు పిరమిడ్లకన్నా పాతది. సముద్రపు ఒడ్డున మ్‌నైద్రా అనే గుడి ఒకటి ఉన్నది. పగలూ రాత్రీ సమానమైన రోజున సూర్యోదయపు కిరణం తిన్నగా ద్వారంలోనుంచి లోపలికి పోతుంది. ఏడాదిలో అతి చిన్న పగలు వచ్చే డిసెంబరు 21 ప్రాంతంలో ఆ కిరణం ద్వారం పక్కనున్న రాతి అంచున పడుతుంది. మన అరసవల్లిలో స్వామి పాదాలమీద కిరణాలు పడే రోజుకోసం కాచుకునే జనాన్ని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మేము చేరేది 23న. రెండు రోజుల్లో సూర్యుడు ఎంతో దూరం పోడుగదా అని నా ఆశ. ఆ వేళకు గేటు తెరవరని మా అమ్మాయి తీర్పు. అన్నట్టు, నేల అడుగున తొలిచిన హల్ సాఫ్లీని సమాధి గుహలోకి రోజుకు 80 మందినే పంపుతారు. నెలల ముందే టిక్కెట్లు అయిపోతాయి. మాకు దొరకలేదు. క్రిస్మస్ రోజున, జనవరి 1న ఇలాటి చోట్లన్నీ మూసి ఉంటాయి కనుక పది రోజుల సెలవులో చూడటానికి మిగిలే రోజులు లెక్కపెట్టుకోవాలి.

మా అమ్మ మోకాళ్ళ సంగతి వేరే చెప్పాలి. వాలెట్టా వీధులు చాలా భాగం మెట్లే. కుంటికాలుతో ఆ మెట్లెక్కలేక ఇంగ్లీషు కవి బైరన్ 1811లో మాల్టాకు వీడ్కోలు పద్యం రాస్తూ ఆ మెట్లను శపించాడు. ఇప్పుడు రేవునుంచి కోట తోటదాకా 58 మీటర్ల లిఫ్టు ఉన్నది. అందులో ఎక్కి పైన బెంచీమీద కూర్చుంటే రేవంతా కనిపిస్తుందట. అమ్మకు అది చాలు.

తిండికి భయంలేదు. గట్టి కూరగాయల పులుసు, చిక్కుడుగింజలు ఉడికించి వెల్లుల్లి వేసి నూరిన పచ్చడి అక్కడి చలికాలపు వంటలే. బఠాణీలు కూరి కాల్చిన "పస్తిజ్జి" వీధివీధినా దొరుకుతుంది. అయితే ఆ పిండిలో పూర్వం పందికొవ్వు కలిపేవారు. కొన్ని చోట్ల ఇప్పటికీ కలుపుతారు. శాకాహారులు అడిగి తినాలి.

ఇక నా అభిప్రాయం. సముద్రంలో ఈదాలనుకునేవారు డిసెంబరులో మధ్యధరాకు పోవద్దు. నీరు 18 డిగ్రీలకు దిగుతుంది. ఒట్టి ముచ్చటకోసం ఇక్కడినుంచి ఇంత ఖర్చుపెట్టి పోదలచినవారు ఏప్రిల్ నెలలోనో, అక్టోబరు మొదట్లోనో పోవటం మంచిది. గ్రీసు దీవులమీద మోజు ఉన్నవారు మరీ ఆలోచించుకోవాలి. చలికాలంలో అక్కడ చాలా హోటళ్ళు మూసివేస్తారు. గాలి లేస్తే పడవలు ఆగిపోతాయి. కాని సగం దారిలో తమవాళ్ళను కలుసుకోవటానికి వెళ్ళేవారి సంగతి వేరు. వారికి వాన పడినా నష్టం లేదు. గది వెచ్చగా ఉంటే చాలు.

ఈ మాటే మా డాక్టరుగారితో అన్నాను. ఆయన అమ్మను పరీక్షించి, చలిగాలి ఎదురుగా నడవవద్దనీ, పీల్చే మందు చేతిసంచిలోనే ఉంచుకోమనీ, గది పొడిగా వెచ్చగా ఉండి తీరాలనీ చెప్పి వెళ్ళమన్నాడు. వెంటనే తమ్ముడికి షరతులు రాశాను. పాత రాతి ఇల్లు పనికిరాదు. కొత్త కట్టడం, లిఫ్టు, ప్రతి గదిలోనూ వేడిగాలి ఇచ్చే యంత్రం ఉండాలి. యంత్రం ఉన్నదంటే చాలదు, పనిచేస్తున్నదని ఇంటివాళ్ళు కాగితంమీద చెప్పాలి. అన్నం వండుకునే వంటిల్లు ఉండాలి. వాడు నాలుగు రోజులు వెదికి స్లీమాలో అలాంటి ఇల్లు పట్టాడు. ముచ్చటైన ఇల్లేమీ కాదు, మన రైల్వే క్వార్టర్లలా ఉన్నది. సరే అన్నాము.

వీసా తతంగం క్లుప్తంగా చెపుతాను. మాల్టా షెంజెన్ దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు పెట్టవచ్చు; పదిహేను రోజులకన్నా దగ్గర పడకూడదు. డిసెంబరు రద్దీలో ఆ పదిహేను రోజులను నమ్ముకోవద్దు. 2024 జూన్ నుంచి పెద్దవారికి రుసుము 90 యూరోలు. మా నలుగురికీ కలిపి 360. మన డబ్బులో ముప్పై వేలకు పైమాటే. అనారోగ్యానికి 30,000 యూరోల బీమా తప్పనిసరి. మా అమ్మ వయస్సుకు, ఉన్న జబ్బు దాచకుండా చెపితే, బీమా ధర పెరిగింది. దాచవద్దు.

డబ్బు కట్టే రోజున శ్రీమతి ముఖం చూశాను. "వంటిల్లు ఎక్కడికీ పోదు. కట్టండి" అన్నది.

ధనుర్మాసం చిక్కు అమ్మే తీర్చుకున్నది. తిరుప్పావై పుస్తకం సంచిలో పెట్టుకుంటుందట. భోగికి ఇంట్లో ఉండాలన్నది ఒక్కటే ఆవిడ షరతు. జనవరి 3వ తారీఖుకు తిరుగు టిక్కెట్లు తీశాము. అక్కడి క్రిస్మస్ ఎలా ఉంటుందని అడిగితే మా అమ్మాయి చదివి చెప్పింది. ఇంటింటా మన బొమ్మల కొలువులా చిన్న చిన్న మట్టిబొమ్మలతో బాలయేసు పాక పేరుస్తారట. దాని చుట్టూ పెట్టటానికి కొన్ని వారాల ముందే పళ్ళెంలో దూదిమీద గింజలు చల్లి, చీకటి అల్మైరాలో మొలకలు పోయిస్తారట. వెలుతురు తగలక అవి తెల్లగా, జడలు విప్పినట్టు పెరుగుతాయట.

అమ్మ విని, "పెళ్ళిలో పాలికలే కదే!" అన్నది. ఆ సాయంత్రం తమ్ముడితో మాట్లాడుతూ వాడి ఆరోగ్యం, పిల్లల చదువు, అన్నీ అడిగి చివరికి, "మేము దిగిన రోజునే కాసిని గింజలు దూదిమీద వేస్తే వచ్చేలోగా మొలుస్తాయంటావా?" అన్నది.

"గది వెచ్చగా ఉంటే మొలుస్తాయమ్మా" అన్నాడు వాడు.